పేరు మిగిలేది ఎవరికి? చందుపట్ల శాసనం నుంచి కల్లెడ పరుగు దాకా

రుద్రమదేవి ఏ సంవత్సరంలో చనిపోయింది? గ్రూప్స్‌కు చదివేవాళ్లను ఎవరినడిగినా 1289 అని తడుముకోకుండా చెప్తారు. హనుమకొండ కోచింగ్ సెంటర్ల పక్కన జిరాక్స్ షాపుల్లో అమ్మే బిట్ల పుస్తకాల్లోనూ అదే అంకె ఉంటుంది. అర్ధ శతాబ్దం కిందటి పుస్తకాలు తీసి చూస్తే మాత్రం 1295 అనో, 1296 అనో కనబడుతుంది. ఈ తేడాను తేల్చింది ఆస్థాన కవి కాదు, రాజుల చరిత్ర రాసిన పండితుడూ కాదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన ఒక చిన్న శాసనం. శివలోకానికి వెళ్లిన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి రాసిచ్చాడు. రాసిచ్చిన రోజు కూడా చెక్కించాడు. నేటి లెక్కలో అది 1289 నవంబర్ 27.

రాణి ఎలా చనిపోయిందో ఆ రాయి చెప్పదు. కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచబోయి యుద్ధంలోనే నేలకొరిగి ఉంటుందన్నది చరిత్రకారుల ఊహ. రాణి పేరూ సేనాని పేరూ ఒకేచోట ఉండటాన్ని, మరుసటి ఏడాది అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాలు చెక్కించుకోవడాన్ని పక్కపక్కన పెట్టి చేసిన ఊహ అది. బలమైన ఊహే, అయినా ఊహే. బిట్ల పుస్తకంలో మాత్రం అది నిజం పక్కన నిజంలా కూర్చుని ఉంటుంది. అంత పెద్ద రాణి మరణ తేదీకి ఉన్న ఆధారం ఆమె కింద పనిచేసిన ఒక మనిషి చేసిన దానం. ఆయన దానం చేయకపోయి ఉంటే, చేసినా చెక్కించకపోయి ఉంటే, ఇవాళ్టికీ 1295 అనే చదువుతుండేవాళ్లం.

దేశాల చరిత్రలు, ఆవిష్కర్తల జీవితాలు, ఆటగాళ్ల ఘనతలు అన్నీ మనకు ‘ప్రముఖులు’ అనే ఒకే అధ్యాయంలో వస్తాయి. వాళ్లంతా గొప్పవాళ్లు కాబట్టి గుర్తున్నారు అనుకుంటాం. గొప్పతనం ఒక్కటే చాలదు. ఆ పేరును ఎవరో ఒకరు ఏదో అవసరం కొద్దీ రాసిపెట్టాలి. రాజు పేరును మన దాకా మోసుకొచ్చింది దానపత్రం, ఆవిష్కర్త పేరును పేటెంటు కాగితం, ఆటగాడి పేరును ఫలితాల పట్టిక. ఒక్కో కాగితం ఒక్కో పని కోసం పుట్టింది, ఆ పనికి అవసరమైన పేర్లకే అందులో గడి ఉంటుంది. ఓరుగల్లు నుంచి నిజామాబాద్ దాకా ఉన్న నేల మీద ఈ మూడు రకాల కాగితాలూ దొరుకుతాయి. అసలు కాగితమే లేకుండా నిలబడ్డ పేర్లూ ఉన్నాయి.

రాయి ఎవరి కోసం మాట్లాడుతుంది

శాసనాన్ని మనం చరిత్ర పాఠంగా చదువుతాం. చెక్కించినవాళ్లకు అది రిజిస్ట్రేషన్ దస్తావేజు. ఫలానా వారు, ఫలానా రోజున, ఫలానా దేవుడికి, ఫలానా చెరువు కింద ఇంత భూమి ఇచ్చారు, దీన్ని కాజేసినవాడు నరకానికి పోతాడు. అసలు విషయం ఇదే. వంశ చరిత్ర అంతా ముందుమాట, ఇచ్చినవాడి హోదా చెప్పుకోవడానికి. మన కాకతీయ చరిత్రలో సగం ఈ ముందుమాటల్లోంచి ఏరుకున్నదే. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ఒక చెరువు తవ్వించి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ సందర్భంగా పుట్టింటి వంశావళిని వెన్నరాజు దగ్గర మొదలుపెట్టి చెప్పించింది. గుండలు, ఎర్రలు, బేతలు, ప్రోలలు అని వరసగా మనం వల్లెవేసే ఆ తొలి పేర్లకు పెద్ద ఆధారం ఆ చెరువు శాసనమే. చెరువు నీళ్ల కోసం, శాసనం పుణ్యం కోసం. చరిత్ర మనకు కొసరుగా దొరికింది.

కొసరుగా దొరికేదాంట్లో ఎన్ని ఆశ్చర్యాలు ఉంటాయో కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట చూపిస్తుంది. కన్నడ సాహిత్యంలో ఆదికవి పంపడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థాన కవి. అంతటి కవి తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె అనే వివరాలు ఉన్నది కర్ణాటకలో కాదు, ఈ గుట్ట మీద. చెక్కించింది పంపడి తమ్ముడు జినవల్లభుడు. పదో శతాబ్దంలో ఆయన అక్కడ జైన విగ్రహాలు చెక్కించి, దాని కింద సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో రాయించాడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి, మనకు దొరికిన తొలి కందాల్లో అవి లెక్క. అన్న గొప్ప కవి. కానీ అన్న ఊరూ పేరూ పదిలంగా ఉన్నది తమ్ముడి భక్తి వల్ల.

మాటతో వచ్చిన వార్తకూ రాతితో వచ్చిన వార్తకూ తేడా చూడాలంటే మార్కోపోలోను చదవాలి. పదమూడో శతాబ్దం చివర్లో మోటుపల్లి రేవును వర్ణించిన ఈ వెనిస్ యాత్రికుడు వజ్రాల గురించి, సాలెగూడు దారాల్లాంటి పలుచని బట్టల గురించి రాశాడు. రాజ్యం ఏలేది ఒక రాణి అనీ, ఆమె న్యాయంగా పాలించిందనీ మెచ్చుకున్నాడు. కాకపోతే ఆమెను చనిపోయిన రాజుకు భార్య అన్నాడు. నిజానికి రుద్రమ గణపతిదేవుడి కూతురు. రేవులో విన్నవాళ్లకు స్త్రీ సింహాసనం ఎక్కిందంటే భర్త పోయి ఉంటాడనే తట్టినట్టుంది. ఆమె కాలపు శాసనాలు మరో వైపు లాగాయి, రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాశాయి. ఒకరు ఆమెను రాజు భార్యను చేశారు, ఇంకొకరు రాజునే చేశారు. రెండూ ఆ కాలం తనకు తెలిసిన గడుల్లో ఆమెను సర్దిన తీరే.

రామప్ప దగ్గరికి వస్తే ఈ గడుల సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పాలంపేట గుడి ముందరి శాసనం 1213 నాటిది. కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, దేవుడు రుద్రేశ్వరుడు. రేచర్ల వంశం ఘనత శ్లోకాల నిండా ఉంది. నల్లరాతి మదనికలను చెక్కిన చెయ్యి ఎవరిదో లేదు. శిఖరానికి నీటి మీద తేలేంత తేలికైన ఇటుక కాల్చిన ఉపాయం ఎవరికి తట్టిందో లేదు. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద అంత బరువు నిలబెట్టిన లెక్క ఎవరిదో కూడా లేదు. జనం మాత్రం గుడిని రామప్ప గుడి అన్నారు, చెరువును రామప్ప చెరువు అన్నారు. రామప్ప అనేవాడు ఆ గుడి చెక్కిన శిల్పి అని వాళ్ల నమ్మకం. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కాకతీయ రుద్రేశ్వర ఆలయం అని రాసి, రామప్ప పేరును కూడా పక్కన చేర్చక తప్పలేదు. శాసనంలోని పేరు పుస్తకాల్లో ఉంది, శాసనంలో లేని పేరు బస్సు బోర్డు మీద ఉంది.

చెరువుల విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు. ఒక చెరువు మత్తడి దూకిన నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదాంట్లోకి పోయేలా గొలుసుకట్టు వేసిన ఇంజినీరింగ్ పాకాల, లక్నవరం చుట్టుపక్కల ఇవాళ్టికీ పని చేస్తున్నది. ఎక్కడ కట్ట వేస్తే రెండు గుట్టల నడుమ నీళ్లు ఆగుతాయో, తూము ఎంత ఎత్తులో పెట్టాలో లెక్క కట్టినవాళ్లు ఏ కాలపు ఇంజినీర్లకూ తీసిపోరు. వాళ్లలో ఒక్కడి జీవిత చరిత్రా మన దగ్గర లేదు.

కోనసముద్రం కొలిమి, లండన్ ప్రయోగశాల

ఆవిష్కర్త అనగానే మనకు గుర్తొచ్చే పేర్లన్నీ దాదాపు గత 300 ఏళ్లవే, ఎక్కువ భాగం యూరప్‌, అమెరికాలవే. దానికి కారణం తెలివి అక్కడే పుట్టడం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉదాహరణ తీసుకుంటే చాలు.

ఈ ఊరి కమ్మరులు మూసల్లో ఉక్కు తీసేవారు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి, మట్టి మూసలో పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో పేర్చి తిత్తులతో ఆపకుండా ఊదేవారు. గాలి చొరబడని ఆ మూసలో కార్బన్ ఇనుములోకి ఎక్కుతుంది, కార్బన్ ఎక్కేకొద్దీ ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. నెమ్మదిగా చల్లార్చి మూస పగలగొడితే అరచేతిలో ఇమిడే ఉక్కు ముద్ద చేతికి వస్తుంది. అందులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. ఇలాంటి ఉక్కు మైసూరు, సేలం వైపూ చేసేవారు కానీ కోనసముద్రం సరుకు కోసం పర్షియా వ్యాపారులు పనిగట్టుకుని వచ్చేవారు. పశ్చిమాసియాలో డమాస్కస్ కత్తుల పేరుతో లోకమంతా మెచ్చుకున్న నీటి అలల గీతల కత్తులకు ముడి సరుకు ఇలాంటి దక్షిణ భారత ఉక్కే. 1820ల్లో త్రికోణమితి సర్వేలో పనిచేస్తున్న డాక్టర్ హెన్రీ వోయిసీ కోనసముద్రం వచ్చి, కొలిమి దగ్గర నిలబడి చూసి పని మొత్తం రాసుకున్నాడు. ఆయన చనిపోయాక 1832లో అది కలకత్తాలో అచ్చయింది. మూస మట్టి, ఇనుము రకాలు, తిత్తులు, అన్నీ అందులో ఉన్నాయి.

సరిగ్గా అదే కాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఈ ఉక్కునే ముక్కలు చేసి పరీక్షిస్తున్నాడు. యూరప్ దాన్ని వూట్జ్ అని పిలిచేది. కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి, ఆ ఉక్కులాంటిదాన్ని తామూ చేయగలమా అని ఫారడే ప్రయత్నించాడు. 1819లో వూట్జ్ విశ్లేషణ ప్రకటించాడు. రహస్యం అల్యూమినియంలో ఉందన్నాడు. అది తప్పు. కార్బన్‌దే కీలకమని తేల్చింది 1820ల్లో పారిస్ నాణేల ముద్రణాలయంలో పనిచేసిన బ్రెయాంట్. అయినా ఉక్కులో వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూసిన ఫారడే ప్రయోగాలు మిశ్రమ ఉక్కు చరిత్రలో తొలి పేజీలో ఉన్నాయి. విద్యుత్తు వైపు పూర్తిగా మళ్లకముందు ఆయనకు గుర్తింపు తెచ్చిన పనుల్లో ఇదొకటి. ఇందులో ఒక వింత ఉంది. ఫారడే తండ్రి కమ్మరి. లండన్ కమ్మరి కొడుకు తప్పు సిద్ధాంతం చెప్పినా పేరు మిగిలింది, సరైన ఉక్కు తీసిన ఇందూరు (నిజామాబాద్) కమ్మరి పేరు ఒక్కటీ మిగల్లేదు.

దీన్ని దొర అన్యాయం అని తోసేయడం తేలిక. వోయిసీ కమ్మరుల పేర్లు అడిగి రాసుకుని ఉండాల్సింది, నిజమే. కానీ అసలు తేడా పని కాపాడుకునే పద్ధతిలో ఉంది. కోనసముద్రంలో పనితనం ఇంటి రహస్యం. కొడుకుకు, అల్లుడికి చెప్తారు, పక్క ఊరికి చెప్పరు. గుట్టు దాస్తేనే గిరాకీ నిలుస్తుంది. పేటెంటు దీనికి నేరుగా ఎదురు. నీ కిటుకు అంతా కాగితం మీద పెట్టి లోకానికి చెప్పు, దానికి బదులుగా కొన్నేళ్లు దాని మీద హక్కు నీదే అని ప్రభుత్వం చేసే బేరం అది. మన దేశంలో 1970 నాటి చట్టం కింద ఇప్పుడు ఆ గడువు 20 ఏళ్లు. 1856లో హెన్రీ బెస్సెమర్ చౌకగా ఉక్కు తీసే పద్ధతికి పేటెంటు తీసుకుని పేరూ డబ్బూ సంపాదించాడు. ఆ చౌక ఉక్కు రేవుల్లో దిగాక మూస ఉక్కుకు గిరాకీ తగ్గింది, అడవి బొగ్గు మీద ఆంక్షలు మిగతా పని పూర్తి చేశాయి. దాచుకున్న విద్య దాచినవాళ్లతోనే పోయింది. 2010 ప్రాంతంలో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో తిరిగి 200కు పైగా చోట్ల ఇనుము తీసిన ఆనవాళ్లు నమోదు చేశారు. ఇనుము తీశాక మిగిలే చిట్టెం కుప్పలు, మూస పెంకులు. పెంకుల్ని బట్టి ఎంత వేడి పెట్టారో లెక్కగట్టవచ్చు, ఎవరు పెట్టారో చెప్పలేం.

మన కాలానికి వస్తే ఈ గోడ దాటిన మనిషి చింతకింది మల్లేశం. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆ పక్కనే శారాజీపేట. అక్కడి చేనేత ఇళ్లలో పోచంపల్లి రకం చీర మగ్గం ఎక్కకముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా దిగ్గొట్టిన పుల్లలు ఒకవైపు, మీటరు దూరంలో ఒంటి పుల్ల మరోవైపు. ఆ ఒంటి పుల్ల నుంచి దారం తీసుకెళ్లి ఒక్కో పుల్లకూ చుట్టి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఈ పని ఆడవాళ్లది. భుజం పట్టేస్తుంది, చెయ్యి లేవదు. మల్లేశం తల్లి లక్ష్మిదీ అదే బాధ. బడి చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిన ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. గంటల తరబడి పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. పేటెంటు దక్కింది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను కొడుకు ప్రేమ కథగా చెప్పుకోవడం మనకు ఇష్టం. ప్రేమ ఉంది, కాదనలేం. కానీ అంతకుముందు వందల ఏళ్లు ఆసు పోసిన ఆడవాళ్లకు భుజాలు నొప్పి పెట్టలేదా, వాళ్ల కొడుకులకు ప్రేమ లేదా? మల్లేశం నాటికి చౌక మోటారు దొరికింది, విడి భాగాలు తెచ్చుకోవడానికి హైదరాబాద్ దగ్గర్లో ఉంది. బడి చదువు లేనివాళ్ల ఉపాయాలను వెతికి నమోదు చేసే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థ కూడా యంత్రం పూర్తయిన మరుసటి ఏడాదే పుట్టింది. రామప్ప ఇటుక కాల్చినవాడికీ, కోనసముద్రం కమ్మరికీ లేని ఆ గడి ఈయనకు ఉంది. అందుకే ఆయన పేరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఇక వరంగల్ కొత్తవాడ జంపఖానాలది మరో దారి. 1851లో లండన్ మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు వెళ్లాయి, నేసినవాళ్ల పేర్లు వెళ్లలేదు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది మనిషికి ఇచ్చే హక్కు కాదు, ఊరికి ఇచ్చేది. ఊరి పేరు పెట్టి ఎవరూ నకిలీ అమ్మకుండా ఆపుతుంది. ఎవరి డిజైనో అది పట్టించుకోదు.

శాసనం లేని చరిత్ర

వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. కళ్యాణి చాళుక్యుల నుంచి విడిపోయి స్వతంత్రుడయ్యాక వేయించినది. తాను ఓడించినవాళ్ల పేర్లు అందులో ఏకరువు పెట్టాడు. వాళ్లలో ఒకడు మేడరాజు, పొలవాసను ఏలినవాడు. పొలవాస అంటే జగిత్యాల దగ్గరి పొలాస. ఓడినవాడిని మనం ఎక్కువగా గెలిచినవాడి ప్రగల్భాల్లోంచే తెలుసుకోవాల్సి వస్తున్నది.

అదే మేడరాజు పేరు ఇంకోచోట కూడా వినిపిస్తుంది, మేడారంలో. జనం చెప్పుకునే కథలో పొలవాస మేడరాజు అడవిలో దొరికిన పాపను సమ్మక్క అని పెంచి, మేడారం ఏలే పగిడిద్దరాజుకిచ్చి పెళ్లి చేశాడు. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుడు దండెత్తాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు యుద్ధంలో చనిపోయారు. సంపెంగ వాగులో దూకిన కొడుకు జంపన్న పేరే ఆ వాగుకు మిగిలింది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది. చరిత్ర లెక్క పట్టుకుని చూస్తే మేడరాజు పన్నెండో శతాబ్దపు మనిషి, రెండో ప్రతాపరుద్రుడు 1289 తర్వాత గద్దెనెక్కినవాడు. మధ్యలో వందేళ్లకు పైగా తేడా. దీన్ని బట్టి కథ అబద్ధం అనేయడం తొందరపాటు. నోటి చరిత్ర తారీఖులు దాచదు, తగాదాను దాస్తుంది. కాకతీయులు ఉత్తరాన అడవి వైపు విస్తరించినప్పుడు తరాల పాటు సాగిన పోరును అది ఒకే యుద్ధంగా మడిచిపెట్టుకుంది. గుడి శాసనం చెప్పిన పొలవాస ఓటమినే కోయల కథ ఓడినవాళ్ల వైపు నుంచి చెప్తున్నది.

ఈ చరిత్రకు కాగితం లేదు కానీ ఏర్పాటు ఉంది. డోలీ కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డను ముందుంచుకుని, కోయ గోత్రాల వరసలూ వేల్పుల కథలూ పాడతారు. మణుగూరు వైపు ఈ విద్య చివరిదాకా పట్టుకున్న సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకోసారి మాఘ పున్నానికి జాతర, 1996 నుంచి అది రాష్ట్ర పండుగ. పాకాల గట్టు మీద ఎవరినైనా ఆపి గణపతిదేవుడి తండ్రి ఎవరని అడిగితే తడుముకుంటారు, సమ్మక్క కొడుకు ఎవరని అడిగితే చిన్న పిల్లలు కూడా జంపన్న అంటారు. రాతి మీద చెక్కించుకున్న వంశం కంటే ఎత్తు బెల్లం తూకమేసిన మొక్కు ఎక్కువ మందికి చేరింది.

స్టాప్‌వాచ్‌కు కులం తెలీదు, కానీ గడి తెలుసు

ఆటల దగ్గరికి వచ్చేసరికి పని సులువవుతుందనిపిస్తుంది. ఎవరు ముందొచ్చారో కెమెరా చూస్తుంది, సెకనులో వందో వంతు దాకా లెక్కిస్తుంది. వంశావళి అక్కర్లేదు, పేటెంటు లాయరు అక్కర్లేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 మే 20న జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది. మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల టీ20 విభాగంలో అది అప్పటికి ప్రపంచ రికార్డు, అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12ను దాటింది. మూడున్నర నెలలకు పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ 54.96తో ఆ రికార్డు తీసేసుకుంది. మర్నాడు సెప్టెంబర్ 3న ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16, ఓండర్ 55.23, దీప్తి 55.82. కాంస్యం. కోబె పరుగును పారిస్‌లో మళ్లీ పరుగెత్తి ఉంటే స్వర్ణం అయ్యేది. పట్టికకు అది అక్కర్లేదు, ఆ రోజు ఎంత అన్నదే దానికి కావాలి.

అయితే ఆ పట్టికలో గడి ఎలా పుట్టిందో చూస్తే స్టాప్‌వాచ్ మనం అనుకున్నంత అమాయకమైనది కాదని తెలుస్తుంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలోనే స్వర్ణం గెలిచింది. తర్వాత బయటపడిందేమిటంటే 12 మందిలో 10 మందికి అసలు వైకల్యమే లేదు. శిక్ష మాత్రం ప్రపంచంలో ఆ వైకల్యం ఉన్న అథ్లెట్లందరికీ పడింది. 2004, 2008 పారాలింపిక్స్‌లో వాళ్లకు చోటే లేదు. పరీక్షించే పద్ధతులు కొత్తగా రాసుకున్నాక 2012లో తిరిగి రానిచ్చారు. మహిళల 400 మీటర్ల పరుగు 2016 రియోలో చేరింది. కల్లెడలో ఇంతే వేగంగా పరుగెత్తే అమ్మాయి ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే, ఆమె వేగాన్ని రాసుకోవడానికి 2004, 2008 పారాలింపిక్స్‌లో గడే లేదు. ఊళ్లో అనే మాటలే ఆమె చరిత్ర అయ్యేది. దీప్తి కూడా చిన్నప్పుడు ఆ మాటలు పడింది. ఆసియా పారా క్రీడల స్వర్ణం తర్వాత వచ్చిన బహుమతి డబ్బుతో, ఇంట్లో వాళ్లు అమ్ముకున్న భూమికి బదులు భూమి కొన్నది.

నిజామాబాద్ నిఖత్ జరీన్‌ది ఇంకో చిక్కు. బాక్సింగ్‌లో గడియారం గెలిపించదు, రింగు చుట్టూ కూర్చున్న జడ్జీలు గెలిపిస్తారు. వాళ్ల ముందు నిలబడాలన్నా ముందు జట్టులో చోటు దక్కాలి. 2011లోనే జూనియర్ ప్రపంచ చాంపియన్ అయిన ఆమె, 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే పంపుతారన్న మాట వచ్చినప్పుడు కేంద్ర క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తనను పంపమనలేదు, ట్రయల్ పెట్టమంది. ఆ డిసెంబర్‌లో ట్రయల్ జరిగింది, నిఖత్ 1-9తో ఓడిపోయింది. సోషల్ మీడియాలో వెక్కిరింతలకు కొదవ లేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటమాస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. రికార్డు పుస్తకంలో ఈ రెండు స్వర్ణాలుంటాయి. ఆ లేఖకు అందులో చోటు లేదు. తర్వాత వచ్చే అమ్మాయిలకు పనికొచ్చేది మాత్రం పతకాల కంటే ఆ లేఖేనేమో.

నిబంధనలే రికార్డును తయారు చేస్తాయనడానికి మాలావత్ పూర్ణ కూడా సాక్ష్యం. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లను పంపరు, అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. సాంఘిక సంక్షేమ గురుకులం ఆ ఖర్చు, ఆ శిక్షణ పెట్టకపోతే ఆ కొండకు ఏ వైపు దారి ఉన్నా ఒకటే.

ఆటగాడి పేరు పక్కన కోచ్‌ పేరు రాయాలన్న ఆలోచన మన దేశంలో ఆలస్యంగా వచ్చింది. అర్జున అవార్డులు 1961లో మొదలయ్యాయి, శిక్షకులకు ద్రోణాచార్య 1985లో. దీప్తి కోచ్ నాగపురి రమేశ్‌కు ఆ అవార్డు ఉంది. దీప్తికి పరుగు ఉందని అందరికంటే ముందు పట్టింది కల్లెడ బడిలోని పీఈటీ సారు. రెండు వేల మంది చదివే బళ్లో అయినా, రెండొందల మంది చదివే బళ్లో అయినా పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే ఆ చూపు ఉండదు, మండల స్థాయి పోటీలకు పేర్లు పంపేవాళ్లు ఉండరు. అలాంటి పోటీల స్కోరు షీట్లు ఏడాది తిరిగేసరికి ఏ ఆఫీసు బీరువాలోనూ కనబడవు. కోబెలో 55.07 అని ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉంటుంది. మండల మైదానంలో, చేతి గడియారంతో, సున్నపు గీతల మధ్య ఆ అమ్మాయి మొదటిసారి ఎంతలో పరుగెత్తిందో రాసుకున్న కాగితాన్ని దాచే ఏర్పాటు ఇప్పటికీ లేదు. ఖర్చు కూడా పెద్దగా లేని పని అది.